వాయవ్యం మూల స్నానాలగది

మక్బూల్ షట్టరు సగానికి దించుతూ, "జుమ్మా నమాజుకు పోయొస్తానమ్మా. గంట పట్టుద్ది. ఈలోపు తీరిగ్గా చూసుకో. రంగు నీ ఇష్టం, నేనేం చెప్పను. గోడ సంగతి మాత్రం తేల్చిపెట్టు. ఒక బాత్రూమా, రెండా? అది తెలిస్తేనే గదా ఎన్ని పెట్టెలు ఎత్తించాలో తెలిసేది. సాయంత్రం మీ ముప్పాళ్ళ వైపు ఆటో పోయిద్ది" అని చెప్పి వెళ్ళిపోయాడు. అతని చెప్పుల చప్పుడు రోడ్డు మీది లారీల మోతలో కలిసిపోయాక కొట్లో సామ్రాజ్యం ఒక్కతే మిగిలింది. ఒక్కతే అంటే మరీ ఒక్కతే కాదు, చుట్టూ గోడలున్నాయి. ఇన్ని గోడలు ఒక్కచోట ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. నరసరావుపేటలో టైల్స్ కొనాలంటే ఈ కొట్టుకే పొమ్మని తాపీమేస్త్రి ఏసోబు చెప్పి పంపించాడు గానీ, లోపల ఇట్లా ఉత్తుత్తి బాత్రూములు వరసగా కట్టి పెట్టి ఉంటారని చెప్పలేదు. ఒక్కోదానికి మూడే గోడలు. నాలుగో వైపు తలుపూ లేదు, గడపా లేదు. కుళాయిలున్నాయి గానీ నీళ్ళు రావు. పైనుంచి పెద్ద పళ్ళెమంత షవరు వేలాడుతోంది, దాని కింద ఏనాడూ ఎవరూ తడిసింది లేదు. మక్బూల్ వేసిపోయిన ప్లాస్టిక్ కుర్చీ సరిగ్గా అట్లాంటి ఒక దాంట్లో ఉంది. కూర్చుంటే ఎదురుగా అద్దం, అద్దంలో యాభై దాటిన ఒక మనిషి చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని బిగుసుకుని కూర్చుని ఉంది. ఆవిణ్ణి చూడకుండా ఉండాలంటే రంగుల వైపు చూడాలి. అందుకని రంగుల వైపు చూసింది.

రంగులకు మక్బూల్ ఏవేవో పేర్లు చెప్పాడు. ఐవరీ అన్నాడు, చూస్తే పలచటి మజ్జిగ. బీజ్ అన్నాడు, అది నానేసిన పెసరపప్పు. ఇంకొకటి, పేరు మర్చిపోయింది, అచ్చం తాలుకాయ రంగు. మిరపకాయల్లో తాలును ఏరి పక్కన పోసి తక్కువకు అమ్ముతాం, ఇక్కడేమో అదే అన్నిటికంటే ప్రియమట, లోకం తీరు అట్లా ఉంది. ఇప్పుడంతా డార్కు, లైటు, హైలైటరమ్మా అని కూడా చెప్పాడు. అంటే గోడకు కింద సగం ముదురు, పైన సగం లేత, మధ్యలో బొమ్మల వరస ఒకటి. బొమ్మల్లో గవ్వలున్నాయి, వెదురుబొంగులున్నాయి, నీళ్ళలోంచి పైకెగిరే చేపలున్నాయి. మనిషంత చేప కళ్ళు తెరుచుకుని చూస్తుంటే బట్టలిప్పి నీళ్ళెట్టా పోసుకునేదయ్యా అని అడగబోయింది సామ్రాజ్యం, పరాయి పిల్లాడితో ఏం మాటలని ఊరుకుంది. ఇదే సుకన్యయితే అడిగేది. అడిగి, మక్బూల్‌ని నవ్వించి, తను మాత్రం నవ్వకుండా, పక్కనున్న సామ్రాజ్యాన్ని మోచేత్తో పొడిచేది. అట్లా పొడిచి ఎన్నాళ్ళయింది. సుకన్య అంటే తోడికోడలు, మరిది వెంకటకృష్ణ భార్య. ఒకే ప్రహరీ లోపల ఉంటూ ఆమెతో మాటల్లేక ఆరేడేళ్ళవుతోంది. అంత పొడుగు కాలంలో ఆ పేరు పైకి పలికింది లేదు.

అన్నదమ్ములు పంచుకున్నప్పుడు ఇల్లు తెగింది, దొడ్డి తెగింది, రోలు వీళ్ళకు వస్తే రుబ్బురోలు వాళ్ళకు పోయింది. స్నానాలగది ఒక్కటే తెగలేదు. సిద్ధాంతిగారు తాడు పట్టి కొలిచి, ఈ స్థలంలో నీళ్ళు పారే గది వాయవ్యం మూల తప్ప ఇంకెక్కడ కట్టినా ఇల్లు నిలవదని తేల్చేశాడు. ఉన్న వాయవ్యం ఒక్కటే కాబట్టి గది ఉమ్మడి అయింది. ఆడాళ్ళేగా, సర్దుకుంటారులే అన్నాడు తన మొగుడు బసవపున్నయ్య. సర్దుకోవడమేంటి, అప్పట్లో ఇద్దరూ కలిసే పోసుకునేవాళ్ళు. కుంకుళ్ళు కొట్టి నానేసేది సామ్రాజ్యం, రుద్దేది సుకన్య. సుకన్య వేళ్ళు మొరటు, తల దిమ్మెక్కేదాకా వదిలేది కాదు. సామ్రాజ్యానికి పిల్లల్లేరు. సుకన్య కూతురు లిఖితకు పురిటి నీళ్ళ నుంచీ ఆ గదిలో ఈ పెద్దమ్మే పోసింది. పిల్ల కళ్ళల్లో కుంకుడురసం పడి ఏడుస్తుంటే ఉప్పురాయి నోట్లో పెట్టి ఊరుకోబెట్టింది కూడా తనే. మగవాళ్ళిద్దరూ ముందూ వెనకా పోయారు. వాస్తు చూసి కట్టిన గది నిలిచింది, దాన్ని ఉమ్మడిగా ఉంచినవాళ్ళు నిలవలేదు.

మాటలు పోయాక ఆ గదే మిగిలింది. సుకన్య తెల్లారి లేస్తూనే పోసుకుంటుంది, సామ్రాజ్యం పొద్దెక్కాక. ఎవరూ కూర్చుని చేసుకున్న ఏర్పాటు కాదది. ఎప్పుడైనా వేళ తప్పి తువ్వాలు భుజానేసుకుని వచ్చినవాళ్ళు తలుపు ముందు నిలబడి ఒకసారి దగ్గుతారు. లోపల మనిషి ఉంటే చెంబెడు నీళ్ళు బండ మీద దభీమని కుమ్మరిస్తుంది, ఉన్నానని అర్థం. ఏ చప్పుడూ రాకపోతే లేదని. ఊళ్ళోవాళ్ళు వాళ్ళిద్దరికీ పలకరింపుల్లేవంటారు, వాళ్ళకేం తెలుసు. పొద్దెక్కి తను లోపలికి వెళ్ళేసరికి బండలు ఇంకా తడిగా ఉంటాయి, గంధం సబ్బు వాసన ఉంటుంది, సుకన్య శనివారం తలంటుకుందో లేదో తెలుస్తుంది, కాలి మడమలు రుద్దుకునే రాయి ఇటునుంచి అటు జరిగి ఉంటుంది. ఈ ఇంట్లో ఇంకో మనిషి బతికే ఉందని రోజూ తనకు తెలిసేది అక్కడే. ఒకసారి వెళ్ళేసరికి బండలు పొడిగా ఉన్నాయి. ఎండ గోడ దిగివచ్చినా పొడిగానే ఉన్నాయి. తువ్వాలు పట్టుకుని అక్కడే నిలబడింది. సుకన్య గడప దాకా వెళ్ళి, లోపల మూలుగు విని, జ్వరమని తెలుసుకుని, పిలవడానికి నోరు రాక వెనక్కి వచ్చి, కాగు నిండా నీళ్ళు కాచి మూతపెట్టి, స్నానాలగది తలుపు బార్లా తెరిచిపెట్టి తన గదిలోకి పోయి కూర్చుంది. నీళ్ళు వాడిన చప్పుడు వినపడేదాకా అన్నం సహించలేదు. జ్వరం తగ్గాక చూస్తే ఆ కాగు చింతపండుతో తోమి, ముఖం కనపడేట్టు మెరిసిపోతోంది. అంతే, అటునుంచి ఒక మాట లేదు, ఇటునుంచీ లేదు.

మొన్నటి వానలకు ఆ గది గోడ ఉబ్బి, ఒక పెళ్ళ విరిగి గాబులో పడింది. పిడుగురాళ్ళ సున్నంతో మామగారి కాలంలో కట్టిన గోడ, దాని ఆయుష్షు అయిపోయిందన్నాడు ఏసోబు, పడగొట్టి కొత్తది కట్టాల్సిందే. పడగొట్టబోయే గోడకు రెండు రంగులుంటాయి. మాటలు పోయిన ఏడాది పండక్కి సామ్రాజ్యం తన సగానికి నీలం కలిపిన సున్నం వేయించింది. నాలుగు రోజులాగి సుకన్య తన సగానికి ఆకుపచ్చ వేయించింది. చూసినవాళ్ళు నవ్వుకున్నారు, నవ్వరా మరి. రెండూ కలిసేచోట గీత తిన్నగా లేదు, కొన్నిచోట్ల నీలం అటు పోయింది, కొన్నిచోట్ల ఆకుపచ్చ ఇటు వచ్చింది. ఆ గీత వెంబడే ఇటుక గోడ లేపి, అటొక తలుపు, ఇటొక తలుపు పెట్టేస్తానన్నాడు ఏసోబు. ఇప్పటి సిద్ధాంతులు దేనికీ అడ్డు చెప్పరమ్మా, ఎవరిది వాళ్ళకుంటే ఏ పేచీ ఉండదు అన్నాడు. నిజమే. పేచీ ఉండదు. గుంటూరులో బ్యాంకులో పనిచేసే లిఖిత ఇద్దరికీ మధ్య వార్తాహరి. దాని చేత కబురు చేయిస్తే రాత్రి ఫోను చేసి, "అమ్మనడిగా పెద్దమ్మా. ఒకటైనా రెండైనా నీ ఇష్టమంట. రంగు కూడా నీ ఇష్టమంట" అని చెప్పింది. నీ ఇష్టం. ఆ మాట ఎట్లా అంది, విసురుగా అందా, నవ్వుతూ అందా, కూరలో కారం వేస్తూ అటు తిరిగి అందా, అది లిఖిత చెప్పలేదు. ఈ కాలం పిల్లలు మాట మోస్తారు గానీ గొంతు మొయ్యరు. పేట బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా ఆ మాటే తిప్పి తిప్పి చూసుకుంది. ఏ వైపు తిప్పినా అంతే ఉంది.

కూర్చుంటే ఆలోచనలే వస్తున్నాయని లేచింది. గోడలకు ఏమేం వేస్తారో చూపించే పలకలు ఒక వరసలో నిలబెట్టి ఉన్నాయి. ప్లాస్టిక్ పలక మీద వేలితో కొట్టి చూసింది, డొల్లగా మోగింది. నల్ల గ్రానైటు చల్లగా ఉంది గానీ అందులో కూడా తన ముఖమే కనపడింది, ఇక్కడ ఎటు చూసినా తన ముఖమే. చివర్న, ఎవరూ చూడని మూల, మాచర్ల నాపరాయి ఉంది. దానికి కూడా నున్నగా పాలిష్ పట్టి పెట్టారు, గోడలకు కూడా వేసుకుంటున్నారట ఇప్పుడు. అరచెయ్యి ఆనించింది. ఎంత పాలిష్ పట్టినా నాపరాయి నాపరాయే, ఇంట్లో స్నానాలగది నేలంతా అదే. ఆ బండ మీదే, ఇంకా తెలవారకముందు, సుకన్యను కూర్చోబెట్టింది. వెంకటకృష్ణ పెద్దదినం నాడు. బంధువుల్లో పెద్దావిడలంతా చుట్టూ చేరి, "నువ్వయితే దాని బాధ తెలిసినదానివి, నువ్వే తీసుకుపోవే సామ్రాజ్యం" అన్నారు. తీసుకుపోయింది. గాజులు తీసింది. నీళ్ళు పోస్తూ బొటనవేలితో నుదుటి బొట్టు తుడిచింది. సుకన్య ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. ఏడవలేదు. తలెత్తి, "నీకు చేస్తుంటే నేను ఊరుకున్నానా అక్కా?" అని అడిగింది.

ఊరుకోలేదు. అదే గదా బాధ. బసవపున్నయ్య పోయినప్పుడు ఇదే తంతు తనకు జరగబోతుంటే సుకన్య స్నానాలగది తలుపుకు అడ్డం నిలబడింది. "మా అక్క బొట్టు మీకేం అడ్డమొచ్చింది? ఉంచుకోనీండి. కాదంటే ఎవరైనా ముందు నన్ను దాటండి" అని మగవాళ్ళ ముందే అరిచింది. వెంకటకృష్ణ వచ్చి రెక్క పట్టుకుని ఈడ్చుకుపోతే గానీ తలుపు వదల్లేదు. లోపల కూర్చుని ఆ కేకలన్నీ విన్నది తను. జరిగేది జరిగినా, తన కోసం ఒకళ్ళు అరిచారన్న తలపుతోనే ఆ ఏడాదంతా బతికింది. మళ్ళీ తన వంతు వచ్చినప్పుడు ఏం చేసింది? పది మంది చూస్తున్నారని, ఆచారం గదా అని, తను కాకపోతే ఇంకో మొరటు చెయ్యి ఆ పని చేసుద్ది గదా అని, చెంబుతో నీళ్ళు ముంచి సుకన్య తల మీద పోసింది. జవాబు చెప్పాల్సిన చోట నీళ్ళు పోసింది. నాపరాయి మీద నుంచి చెయ్యి తీసి చీరకు తుడుచుకుంది సామ్రాజ్యం, చేతికి తడేమీ లేకపోయినా.

తర్వాత ఏడాది తిరిగిందో లేదో, ఒకనాడు పొద్దెక్కి నీళ్ళు పోసుకుంటుంటే ఆకుపచ్చ గోడ మీద, చేతికందే ఎత్తులో, ఒక బొట్టుబిళ్ళ కనపడింది. నల్లది, ఆవగింజంత. స్నానం ముందు నుదుటి మీది బిళ్ళ తీసి గోడకు అంటించడం ఏ ఆడమనిషికైనా అలవాటే, మళ్ళీ తీసుకోవడం మర్చిపోవడమూ అలవాటే. అంటే సుకన్య తన గదిలో, తలుపేసుకుని, పెట్టుకుంటోందన్నమాట. సామ్రాజ్యానికి నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. ఎవరికీ చెప్పలేదు. చుట్టాలొచ్చిన రోజున అందరికంటే ముందు తను స్నానాలగదిలోకి పోయి, గోటితో ఆ బిళ్ళ జాగ్రత్తగా ఊడదీసి, గాబు వెనక్కి, ఎవరి కంటా పడనిచోట అంటించి, వాళ్ళు వెళ్ళాక మళ్ళీ తీసి ఉన్నచోటే పెట్టేది. జిగురు పోయి పడిపోతుందేమోనని ఒకోసారి తడివేలితో అదిమేది. ఈ సంగతి సుకన్యకు తెలుసో తెలీదో. తెలిస్తే మాత్రం ఏం, అప్పుడు చేసినదానికి ఇది జమ అవుతుందా.

గోడ లేపితే ఇవేవీ ఉండవు. మజ్జిగ రంగో పెసరపప్పు రంగో ఒక నున్నటి గది, తలుపు తనది, గడియ తనది. పొద్దెక్కి వెళ్ళేసరికి నేల పొడిగా ఉంటుంది, రేపూ పొడిగానే ఉంటుంది, ఎల్లుండీ. దగ్గాల్సిన పని లేదు. నిన్న తను ఎక్కడ పెట్టిన చెంబు అక్కడే ఉంటుంది. ఎదురుగా ఉన్న ఉత్తుత్తి బాత్రూము అట్లాగే ఉంది, ఎవరూ వాడక అద్దంలా తుడిచి పెట్టినట్టు ఉంది. దాన్ని చూస్తుంటే సామ్రాజ్యానికి భయమేసింది. చచ్చిపోతానేమోనన్న భయం ఆమెకెప్పుడూ లేదు, ఇది అది కాదు. తను ఉందో లేదో ఇంకెవరికీ తెలియాల్సిన అవసరం లేకుండా పోతుందన్న భయం. ఏసోబు రెండు తలుపులంటే ఇంగితం ఉన్నవాడనుకుంది, వాడికేం తెలుసు. రెండు గదులొద్దు. ఒకటే ఉండాలి. అయినా ఆ మాట తనొక్కతే అనుకుంటే సరిపోదు, లిఖిత చేత కబురు పంపేదీ కాదు. ఫోను తీసింది. సుకన్య నంబరు అందులో ఎప్పుడో లిఖితే పెట్టి ఇచ్చింది, పక్కన ఫోటో కూడా పెట్టింది. ఆ పేరు మీద వేలు ఆనించడానికి ఇన్నేళ్ళలో చెయ్యి రాలేదు. ఇవాళ కూడా మొదటిసారి పక్కనున్న గ్యాస్ అబ్బాయి నంబరు మీద పడింది, గబుక్కున కట్టేసి మళ్ళీ నొక్కింది.

చాలాసేపు మోగింది. ఎత్తారు గానీ హలో అనలేదు. వెనక ఎక్కడో కుక్కర్ కూత పెట్టింది.

"సుకన్యా" అంది సామ్రాజ్యం. తన గొంతు తనకే కొత్తగా ఉంది.

"ఊఁ."

"పేటలో టైల్స్ కొట్లో ఉన్నా. ఏ రంగు తీసుకోమంటావు?"

"నాదేముందిలే, నీకు నచ్చింది తీసుకో" అంది సుకన్య. విసురూ లేదు, నవ్వూ లేదు, అలసిపోయినట్టుంది. "నేను పెదకూరపాడు పోదామనుకుంటన్నా. తమ్ముడు చానా రోజుల్నుంచి రమ్మంటన్నాడు. గది పడగొడితే ఎట్టాగూ నీళ్ళకిబ్బందే గదా. పోయి ఇంక అక్కడే ఉంటా. పిల్ల నీకు చెప్పలా?"

"చెప్పలా."

"చెప్పుద్దిలే. మధ్యలో గోడతో కూడా పనిలేదు. మొత్తం నువ్వే వాడుకో."

మొత్తం నువ్వే వాడుకో. నీలం వేయించిన రోజున ఈ మాట విని ఉంటే గెలిచానని ఊరంతా చెప్పుకుని ఉండేది. ఇప్పుడు చుట్టూ ఉన్న గోడలన్నీ ఒక్కసారి దగ్గరికి జరిగినట్టయింది. ఆ వేళకే షట్టరు పైకి లేచింది, ఎండతో పాటు మక్బూల్ లోపలికి వచ్చాడు. ఆమె ఫోనులో ఉందని చూడనే లేదు. "తేలిందామ్మా? ఇంకోటి అడగడం మర్చిపోయా. ఇప్పుడు సబ్బులకీ వాటికీ స్టాండ్లు పెట్టట్లేదు, గోడలోనే గూడు వదిలి చుట్టూ రాయి బిగిస్తన్నారు. రాయి ముక్కలు కోయించాల. ఒక గూడు చాలా?" అన్నాడు.

సామ్రాజ్యం అతనికి చెయ్యి అడ్డం పెట్టి, ఫోనును చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంది.

"పోబాకే" అంది.

అటునుంచి ఊపిరి వినపడుతోంది. "ఆ రోజు నేను కూడా తలుపు కాడ నిలబడాల్సింది. నిలబళ్ళా. నాకు తెలుసు" అంది ఎట్లాగో. మక్బూల్ చప్పున పక్కకు తిరిగి, సరిగ్గానే ఉన్న పెట్టెలు మళ్ళీ సర్దడం మొదలుపెట్టాడు. "గది ఒకటే కట్టిస్తన్నా. మధ్యలో గోడ లేదు. గూళ్ళు రెండు పెట్టిస్తన్నా, నీకొకటి నాకొకటి."

కుక్కర్ ఇంకోసారి కూసింది. స్టవ్ కట్టేసిన చప్పుడు. ఫోను అక్కడ పెట్టేసి పోయిందేమో అనుకుంది సామ్రాజ్యం.

"నా గూడు కాస్త కిందకి పెట్టమను" అంది సుకన్య. "ఎండాకాలం నుంచీ కుడిచెయ్యి పైకి లేవట్లా."

రోజూ తడిసిన బండలు చూసి, సబ్బు వాసన చూసి, అన్నీ తెలుసనుకుంది. ఇది తెలియలేదు. ఎండాకాలం నుంచీ ఒంటిచేత్తో ఆ కాగు ఎట్లా ఎత్తుతోందో, వీపెట్లా రుద్దుకుంటోందో, జడెట్లా వేసుకుంటోందో. సామ్రాజ్యానికి కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు.

"ఎంత కిందకే?"

"ఫోన్లో ఎట్టా చెప్పేది" అంది సుకన్య. "నువ్వే వచ్చి చూడు." అని పెట్టేసింది.

సామ్రాజ్యం ఫోను సంచీలో వేసుకుని, సంచీ భుజాన తగిలించుకుంది. మక్బూల్ దగ్గరికొచ్చి, ఆమె ముఖం వైపు చూడకుండా, "రంగేది ఎత్తించమంటావమ్మా? ఆటోవాడు అడుగుతన్నాడు" అన్నాడు.

"ఆటోను పోనీ అబ్బాయ్" అంది సామ్రాజ్యం, షట్టరు కింద నుంచి ఎండలోకి దాటుతూ. "ముందు దాని చెయ్యి ఎందాకా లేచిద్దో చూసొస్తా."